పురుషాంగ వక్రత

స్తంభించినప్పుడు పురుషాంగం పైకో, కిందికో, పక్కకో వంగి, ఆ వంపు నొప్పి పెట్టేంతగానో సంభోగానికి అడ్డొచ్చేంతగానో ఉంటే దాన్ని పురుషాంగ వక్రత అంటారు. వాడుకలో 'వంకర పోయింది', 'ఒక పక్కకి తిరిగిపోయింది' అంటారు. అదీ డాక్టరు గట్టిగా అడిగితేనే. కొందరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది. మరికొందరికి అంతవరకూ తిన్నగా ఉన్న అంగంలో నడివయసులో ఒక గట్టి మచ్చ పుట్టి, దానివల్ల వస్తుంది. ఈ రెండోదాని పేరు పేరోనీ వ్యాధి. రెండింటికీ వయసు వేరు, కారణం వేరు. శస్త్రచికిత్స దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు చాలావరకు కలుస్తాయి. 'నరాల బలహీనత', 'వేడి చేయడం', యవ్వనంలో చేసిన తప్పులు అంటూ జనం చెప్పుకునే కారణాలకు దీనితో సంబంధం లేదు. ఇది నరానికో, వీర్యానికో, మగతనానికో వచ్చిన జబ్బు కాదు. ఒక తొడుగు ఒక వైపు సాగకపోవడం, అంతే.

అసలు ఎంత వంపును వంకర అనాలి? స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండే అంగాలు తక్కువ. కాస్త ఎడమకో, కాస్త కిందికో వాలి ఉండటం చాలామందికి సహజం. సాధారణంగా 30 డిగ్రీల లోపు వంపు ఉండి, నొప్పి లేక, దాంపత్యానికి ఇబ్బంది కాకపోతే దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. పట్టించుకోవాల్సింది మార్పుని. పదేళ్ల నుంచీ అలాగే ఉన్న వంపు వేరు, ఈ ఆరు నెలల్లో వచ్చిన వంపు వేరు.

గొట్టాలు, తొడుగు, వెల్డింగు

పురుషాంగం లోపల పొడవునా స్పాంజి లాంటి కణజాలంతో రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. వాటి పేరు కార్పోరా కావర్నోసా. వాటి కింద మూత్రనాళం నడుస్తుంది. ఆ రెండు గొట్టాల చుట్టూ తెల్లటి దట్టమైన తొడుగు ఉంటుంది. దాన్ని టునికా ఆల్బుజీనియా అంటారు. మామూలప్పుడు దాని మందం సుమారు 2 మిల్లీమీటర్లు, స్తంభించినప్పుడు అర మిల్లీమీటరు లోపు. లోపలి పొరలో పోగులు అడ్డంగా చుట్టుకుని ఉంటాయి, బయటి పొరలో నిలువుగా సాగుతాయి. రేవులో అగ్నిమాపక సిబ్బంది వాడే గుడ్డ గొట్టాన్ని చూసినవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. ఖాళీగా ఉంటే చాపలా చదునుగా చుట్టి పెట్టుకోవచ్చు. నీళ్లు నిండి ఒత్తిడి పెరిగిందా, కర్రలా బిగుసుకుంటుంది. ఇక్కడ నీళ్లకు బదులు రక్తం. బిగువంతా ఆ తొడుగు ఎంతవరకు సాగి ఎక్కడ ఆగుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆ తొడుగు అన్ని వైపులా ఒకేలా సాగితే అంగం తిన్నగా నిలుస్తుంది. ఒక వైపు సాగక బిగుసుకుపోతే అటే వంగుతుంది. వంకర శాస్త్రమంతా ఇంతే. దీన్ని విశాఖలో ఒక వెల్డరుకి చెప్పడం మహా తేలిక. 1948లో నెహ్రూ జలఉష ఓడను నీటిలోకి దించిన హిందుస్తాన్ షిప్‌యార్డులో గానీ, ఉక్కు ఫ్యాక్టరీ వర్క్‌షాపుల్లో గానీ పనిచేసిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది: పలుచటి ఉక్కు ప్లేటుకు ఒక వైపు వెల్డింగు చేస్తే, ఆ లోహం చల్లారి కుంచించుకునేటప్పుడు ప్లేటు వెల్డింగు వైపుకే లేస్తుంది. పేరోనీ మచ్చ చేసే పనీ అదే. అలా లేచిన ప్లేటును తిన్నగా చేయడానికి వెల్డింగు విప్పరు. ఉబ్బెత్తుగా ఉన్న రెండో వైపు గ్యాస్ మంటతో గీతలు గీసినట్టు కాల్చి నీళ్లు పోస్తారు. ఆ వైపు కూడా కుంచించుకుని ప్లేటు మళ్లీ చదునవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే, కిందికి వెళ్లాక శస్త్రచికిత్స గురించి విడిగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు.

పుట్టుకతో వచ్చే వంకర

మగబిడ్డ పుట్టినప్పుడు మూత్రం వచ్చే రంధ్రం అంగం కొసన కాక కింది వైపు ఎక్కడో ఉండటాన్ని హైపోస్పేడియాస్ అంటారు. సుమారు 250 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. అంటే అరుదేమీ కాదు. ఇందులో రంధ్రం స్థానం మారడంతో పాటు తరచుగా అంగం కిందికి వంగి ఉంటుంది, ముందోలు కింది వైపు లేకుండా పైన మాత్రమే టోపీలా పేరుకుని ఉంటుంది. కొన్నిసార్లు రంధ్రం సరైన చోటే ఉండి వంపు మాత్రమే ఉంటుంది.

ఇక్కడ తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. ఇలాంటి బిడ్డకు సున్తీ చేయించకూడదు. ఆ ముందోలు వ్యర్థ చర్మం కాదు, మూత్రనాళాన్ని పొడిగించి పైన కప్పడానికి సర్జనుకు దొరికే మంచి సరుకు అదే. మతాచారం కోసమైనా, శుభ్రత కోసమైనా, పిల్లల సర్జను చూడకముందు దాన్ని తీసేస్తే తర్వాత బుగ్గ లోపలి పొరనో మరో చోటి చర్మాన్నో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆపరేషన్‌కు అనువైన కాలం ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు. ఆ వయసులో పుండు త్వరగా మానుతుంది, బిడ్డకు జ్ఞాపకమూ ఉండదు. ఆపరేషన్ బల్ల మీద వంపు ఎంతుందో చూడటానికి సర్జన్లు అంగం మొదట్లో పట్టీ బిగించి సెలైన్ ఎక్కిస్తారు, అంగం స్తంభించినట్టు నిలుస్తుంది. 1974లో అమెరికన్ వైద్యులు గిట్టిస్, మెక్లాఫ్లిన్ ఈ చిన్న ఉపాయాన్ని ప్రచురించారు. అంతకుముందు సర్జన్లు చాలావరకు అంచనా మీదే పనిచేసేవారు. తిన్నగా అయిందో లేదో బిడ్డ పెద్దవాడైతే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు పెద్దవాళ్ల వంకర ఆపరేషన్లలో కూడా ఇదే పరీక్ష మొదటి మెట్టు, చివరి మెట్టు.

మూత్రరంధ్రం సరిగానే ఉండి, వంపు ఒక్కటే ఉన్న పిల్లల సంగతి పదిహేను పదహారేళ్ల దాకా ఎవరికీ తెలియదు. అది వాడికొక్కడికే తెలుస్తుంది, వాడు ఎవరికీ చెప్పడు. మచ్చ ఉండదు, నొప్పి ఉండదు, వంపు ఎక్కువగా కిందికో ఎడమకో ఉంటుంది, ఏళ్లు గడిచినా పెరగదు, తరగదు. చాలామంది పెళ్లి సంబంధాలు మొదలయ్యాక, ముహూర్తం పెట్టాక డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. అప్పటికి నెలరోజులు కూడా మిగలవు. శస్త్రచికిత్స తర్వాత సుమారు ఆరు వారాల విరామం కావాలని తెలిస్తే ముహూర్తం ముందే పంచాంగంతో పాటు దాన్నీ చూసుకునేవారు.

పేరోనీ వ్యాధి

ఈ పేరు ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ ఆస్థాన శస్త్రవైద్యుడిది. ఫ్రాంస్వా జిగో ద లా పేరోనీ 1743లో ఒక వ్యాసం రాస్తూ, కొందరు పురుషుల అంగంలో జపమాల పూసల్లాంటి గట్టి కాయలు ఏర్పడి, స్తంభించినప్పుడు అంగం వంగుతోందని వర్ణించాడు. పిరెనీస్ కొండల్లోని బారేజ్ ఊరి వేడి నీటి బుగ్గల స్నానం దీనికి మందని నమ్మాడు. వ్యాధిని ఆయనే కనిపెట్టాడనుకోవడం సరికాదు. పదహారో శతాబ్దంలోనే ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు ఫలోపియో దీన్ని గుర్తించాడు. అయినా పేరు రాజవైద్యుడికే దక్కింది.

మచ్చ ఎలా పుడుతుందన్నదాని మీద ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. సంభోగంలో అంగం తప్పుగా వంగినప్పుడు తొడుగు పొరల మధ్య చిన్న చిన్న చీలికలు వస్తాయి. ఆ రోజు నొప్పి కూడా తెలియకపోవచ్చు. మామూలుగా శరీరం ఆ గాయాన్ని మాన్పి ఊరుకుంటుంది. కొందరిలో మాత్రం మాన్పే పని ఆగదు. గాయం మాన్పడానికి పిలిచే రసాయన సంకేతాల్లో ఒకటైన టీజీఎఫ్-బీటా అతిగా పనిచేసి, సాగే పోగుల చోట సాగని కొల్లాజెన్ పోగుపడుతుంది. అరచేతిలో కాయ కాసినట్టు లోపల ఒక గట్టి పలక తయారవుతుంది. కొన్నాళ్లకు దాంట్లో కాల్షియం కూడా పేరుకుని ఎక్స్‌రేలో కనిపించేంత గట్టిపడవచ్చు. పలక ఎక్కువమందిలో పై వైపు ఉంటుంది, అందుకే వంపు పైకి ఉంటుంది. చుట్టూరా ఏర్పడితే అంగం మధ్యలో డమరుకం నడుములా సన్నబడుతుంది, అక్కడ మడత పడిపోతుంది.

ఇది అందరికీ ఎందుకు రాదు? కొంత వంశంలో ఉంటుంది. అరచేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయే డ్యూపుట్రాన్ కాంట్రాక్చర్ అనే జబ్బు ఉన్నవాళ్లలో పేరోనీ ఎక్కువ. అందుకే తెలిసిన యూరాలజిస్టు ముందు రోగి అరచేతుల వంక చూస్తాడు. ఆ చేతి జబ్బు ఉత్తర ఐరోపా వాళ్లలో ఎక్కువ, మన దగ్గర తక్కువ. మన దగ్గర ఎక్కువగా ఉన్నది మధుమేహం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని తేల్చింది. మధుమేహంతో పాటు స్తంభన లోపం కూడా ఉన్న పురుషులను పరీక్షించిన 2007 నాటి ఒక అధ్యయనంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పేరోనీ మచ్చ కనిపించింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం ఆ గ్రంథి మొత్తం తీసేసిన వారిలో మూడేళ్లలో దాదాపు 16 శాతం మందికి వచ్చినట్టు 2010లో మరో అధ్యయనం చెప్పింది. మామూలు జనంలో ఎంత? జర్మనీలోని కొలోన్ నగరంలో 8,000 మంది పురుషులకు ప్రశ్నావళి పంపగా జవాబిచ్చినవారిలో 3.2 శాతం మంది మచ్చ తగులుతోందన్నారు. వందకు ముగ్గురనుకున్నా, ఇరవై లక్షల జనం దాటిన విశాఖలో వీళ్లు వేలల్లో ఉండాలి. ఓపీ పుస్తకాల్లో అన్ని వేల పేర్లు కనిపించవు.

వ్యాధి రెండు అంకాల్లో నడుస్తుంది. మొదటి అంకంలో నొప్పి ఉంటుంది, వంపు నెలనెలా మారుతుంది. ఇది ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా సాగవచ్చు. తర్వాత నొప్పి తగ్గుతుంది, వంపు ఒకచోట ఆగుతుంది. నొప్పి పోయిందంటే జబ్బు పోయిందని సంబరపడేవాళ్లే ఎక్కువ. నిజానికి మచ్చ గట్టిపడి స్థిరపడిందని దానర్థం. వైద్యం లేకుండా వదిలేస్తే ఏమవుతుందో న్యూయార్క్‌లో మల్హాల్ బృందం 246 మందిని గమనించి 2006లో రాసింది. నొప్పి 89 శాతం మందిలో పోయింది. వంపు మాత్రం 12 శాతం మందిలోనే తగ్గింది. 40 శాతం మందిలో అలాగే ఉండిపోయింది, 48 శాతం మందిలో పెరిగింది. 'చూద్దాంలే, అదే తగ్గుతుంది' అనుకునేవాళ్లు చూడాల్సిన లెక్క ఇది.

మనసు మీద పడే దెబ్బ కూడా ఆ మచ్చంత గట్టిదే. పేరోనీ రోగుల్లో దాదాపు సగం మందికి చికిత్స అవసరమయ్యే స్థాయిలో కుంగుబాటు ఉన్నట్టు 2008 నాటి అధ్యయనం ఒకటి చూపింది. మన ఇళ్లల్లో ఇది మరో రూపంలో బయటపడుతుంది. భర్త నైట్ షిఫ్టులు అడిగి మరీ వేయించుకుంటాడు, హాల్లో పడుకోవడం అలవాటు చేసుకుంటాడు. తన మీద మనసు పోయిందని భార్య అనుకుంటుంది. చాలాసార్లు అసలు సంగతి ఆమెకు డాక్టరు గదిలోనే తెలుస్తుంది.

ఓపీ గదిలో

ఏ పెద్దాసుపత్రి యూరాలజీ ఓపీలోనైనా దాదాపు ఇలాగే జరుగుతుంది. చీటీ మీద 'మూత్రంలో మంట' అని రాయించుకుని రోగి వస్తాడు. మంట ఉండదు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, మూత్ర పరీక్ష రాసి, పెన్ను మూత పెట్టబోతుంటే, లేచి తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి తిరుగుతాడు.

"డాక్టరు గారూ, ఇంకోటండి... ఎలా చెప్పాలో తెలీట్లేదండి."

"కూర్చోండి. తలుపు వేసే ఉంది."

"ఒక పక్కకి తిరిగిపోయిందండి. గట్టిగా ఏదో తగులుతోంది లోపల. క్యాన్సరేమోనని..."

క్యాన్సర్ కాదు. పేరోనీ మచ్చ క్యాన్సరుగా మారదు. ఆ ఒక్క మాట వినగానే సగం బాధ దిగిపోయినవాళ్లు చాలామంది.

పరీక్షలో మొదటిది చేతితో తడిమి చూడటం. మెత్తగా ఉన్న అంగాన్ని నెమ్మదిగా సాగదీసి రెండు వేళ్ల మధ్య నడిపితే పలక ఎక్కడుందో తెలుస్తుంది. వంపు ఎంతో చూడాలంటే స్తంభన కావాలి కదా. అందుకని ఇంట్లో స్తంభించినప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోనులో ఫొటో తీసుకు రమ్మంటారు. ఇది నవ్వుకునే విషయం కాదు, ప్రామాణిక పద్ధతే. చూపించాక ఫోన్లోంచే కాక గ్యాలరీ చెత్తబుట్టలోంచి, ఆన్‌లైన్ బ్యాకప్‌లోంచి కూడా తీసేయడం మేలు. ఆపరేషన్ ఆలోచన ఉంటే ఆసుపత్రిలోనే అంగంలోకి ఆల్‌ప్రోస్టాడిల్ లాంటి మందు ఇంజక్షన్ ఇచ్చి, స్తంభన వచ్చాక కోణమానితో కొలుస్తారు. పాఠశాలలో జామెట్రీ బాక్సులో ఉండే పరికరానికి అన్నలాంటిది అది. అదే సమయంలో డాప్లర్ స్కానులో రక్తప్రసరణ చూస్తారు. స్తంభనలో బలం ఉందా లేదా అన్నదే తర్వాతి నిర్ణయాన్నంతా నడిపిస్తుంది. ఇంజక్షన్ ఇచ్చాక నాలుగు గంటలు దాటినా స్తంభన దిగకపోతే మొహమాటపడకుండా వెనక్కి రమ్మని చెప్పి పంపుతారు. ఆ మాట చెప్పకపోతే అడిగి తెలుసుకోవాలి.

మందులు, సూదులు, లాగే పరికరాలు

నిజం చెప్పాలంటే, మింగే మాత్రతో తిన్నగా అయ్యే వంకర లేదు. దశాబ్దాలుగా విటమిన్-ఇ రాస్తున్నారు, ఇప్పటికీ కొందరు రాస్తారు. అది ఖరీదు తక్కువ, హానీ తక్కువ, ప్రయోజనం కూడా అంతే. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు విటమిన్-ఇ, టామాక్సిఫెన్, ఒమేగా-3 కొవ్వులు రాయవద్దని తేల్చిచెప్పాయి. మొదటి అంకంలో నొప్పికి మామూలు నొప్పి మాత్రలు వాడొచ్చు. షాక్‌వేవ్ చికిత్స కూడా నొప్పిని తగ్గిస్తుంది గానీ వంపును తగ్గించదు. ఈ తేడా చెప్పకుండా ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు.

మచ్చలోకే సూది వేసే పద్ధతుల్లో వెరాపమిల్ పాతది. గుండెజబ్బులకు వాడే ఈ మందును 1994లో లెవిన్ బృందం మచ్చలోకి ఎక్కించి చూసింది. రెండు వారాలకోసారి, పన్నెండు సూదుల దాకా వేస్తారు. కొందరికి మేలు చేస్తుంది, అందరికీ కాదు. ఇంటర్ఫెరాన్‌కు కాస్త బలమైన ఆధారం ఉంది, వేసిన రోజు జ్వరం ఒళ్లునొప్పులు తప్పవు. అన్నిటికంటే ఎక్కువ పరీక్షకు నిలిచింది కొల్లాజినేజ్. క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి నుంచి తీసిన ఎంజైము ఇది, కొల్లాజెన్‌ను కరిగిస్తుంది. 832 మంది మీద జరిగిన పరీక్షల్లో సగటున 50 డిగ్రీలున్న వంపు 17 డిగ్రీలు తగ్గింది. ఉత్త నీళ్ల సూది వేసినవారిలో కూడా 9 డిగ్రీలు తగ్గింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. 2013 డిసెంబరులో అమెరికా దీన్ని అనుమతించింది. తయారీదారు 2020లో ఐరోపా మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నాడు. విశాఖలో మందుల దుకాణానికి వెళ్లి అడిగితే దొరికే సరుకు కాదిది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడి బంధువులకు దీని గురించి చెబితే, మచ్చ కరిగేటప్పుడు తొడుగు చిరిగే ప్రమాదం కూడా ఉందన్న హెచ్చరిక కలిపి చెప్పాలి.

లాగే పరికరాలను ఒకప్పుడు తేలిగ్గా కొట్టిపారేసేవారు. ఇప్పుడు అభిప్రాయం మారింది. అంగాన్ని నిర్ణీత బలంతో సాగదీసి ఉంచే ఈ పరికరాన్ని పాత రకంలో రోజుకు గంటల తరబడి పెట్టుకోవాలి. కొత్త రకంలో రోజుకు అరగంట నుంచి గంట చాలు. నెలల తరబడి మానకుండా వాడిన వారిలో వంపు కొంత తగ్గడం, పొడవు నిలబడటం కనిపించాయి. గాయం మానుతున్న చేతికి ఫిజియోథెరపీ చేసినట్టే ఇది కూడా. ఓపిక లేనివాళ్లు మొదలుపెట్టకపోవడమే మంచిది.

తిన్నగా చేసే శస్త్రచికిత్స

వ్యాధి మొదలై కనీసం ఏడాది గడిచి, చివరి మూడు నుంచి ఆరు నెలలు వంపులో ఏ మార్పూ లేనప్పుడు మాత్రమే కత్తి పట్టాలి. ఇంకా కదులుతున్న గోడకు ప్లాస్టరింగు చేస్తే మళ్లీ బీట వారుతుంది.

మొదటి పద్ధతి షిప్‌యార్డు ప్లేటు లాంటిది. మచ్చ జోలికి పోకుండా, దానికి ఎదురుగా పొడవుగా ఉన్న వైపును కుదిస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయ సర్జను రీడ్ నెస్‌బిట్ 1965లో పుట్టు వంకరల కోసం ఆ వైపు తొడుగులోంచి చిన్న చిన్న ముక్కలు కోసి కుట్టేసే పద్ధతి ప్రచురించాడు. 1979లో లండన్‌లో ప్రయర్, ఫిట్జ్‌పాట్రిక్ దాన్నే పేరోనీకి వాడారు. తర్వాతి వాళ్లు కోయడం కూడా మానేసి, కరగని దారంతో మడతలు వేసి కుట్టడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ ల్యూ, ఘోలామీ 2002లో రాసిన 'పదహారు చుక్కల' పద్ధతి వీటిలో ప్రసిద్ధం. చీర కుచ్చిళ్ల కోసం సుద్దతో గుర్తు పెట్టుకున్నట్టు తొడుగు మీద చుక్కలు పెట్టుకుని, ఒక్కో జత లాగి ముడి వేస్తూ పోతారు. సెలైన్ నింపి చూస్తారు, తిన్నగా వచ్చిందనిపిస్తే ఆపుతారు. వంపు 60 డిగ్రీల లోపు ఉండి స్తంభన బలంగా ఉన్నవారికి ఇదే సరైనది. ఒక నష్టం తప్పదు. పొడవు వైపును పొట్టి వైపుకు సమానం చేస్తున్నాం కాబట్టి అంగం పొడవు కొంత తగ్గుతుంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే రోగి నోట చెప్పించాలి, సంతకం పెట్టించడం చాలదు. లోపల ముడులు వేలికి తగులుతూ ఉండటం మరో ఫిర్యాదు, నెలలు గడిస్తే అలవాటవుతుంది.

వంపు 60 డిగ్రీలు దాటితే, లేక నడుము సన్నబడి మడత పడితే రెండో దారి. పొట్టిగా ఉన్న వైపునే, అంటే మచ్చ ఉన్న చోటే కోసి తెరిచి, ఆ ఖాళీలో అతుకు వేస్తారు. 1974లో డివైన్, హోర్టన్ చర్మం లోపలి పొరను వాడారు. 1998లో ల్యూ కాలి సిరను విప్పి పలకగా వాడాడు. పశువుల గుండె పైపొరను శుద్ధి చేసి తయారుచేసిన అతుకులు, బుగ్గ లోపలి పొర కూడా ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. పొడవు నిలుస్తుంది. బదులుగా, కొసలో స్పర్శ కొన్నాళ్లు మందగించవచ్చు, కొందరిలో స్తంభన బలం తగ్గవచ్చు. మచ్చ పైనుంచే స్పర్శ నరాలు నడుస్తాయి కాబట్టి వాటిని దారాల్లా లేపి పక్కకు పెట్టి పనిచేయడం ఇందులో అసలు కష్టం. అలవాటున్న చేతిలోనే చేయించుకోవాలి.

మధుమేహంతో స్తంభనే లేనివారికి తిన్నదనం ఒక్కటి ఇస్తే ఏం లాభం? వారికి లోపల ఊచలు అమర్చి, వాటి మీదే అంగాన్ని తిన్నగా వంచుతారు. లోపల ద్రవం నింపుకునే విదేశీ పరికరాలు లక్షల్లో ఉంటాయి. ముంబయి ఆండ్రాలజిస్టు డాక్టర్ రూపిన్ షా రూపొందించిన వంచదగిన ఊచలు మన దేశంలో చాలా తక్కువ ఖర్చుకు దొరికే దారి.

టక్కుమన్న చప్పుడు

ఇది వ్యాధి కాదు, గాయం; అయినా ఇక్కడ చెప్పకుండా పోవడం తప్పు. సంభోగంలో అంగం జారి ఎదుటివారి ఎముకకు బలంగా తగిలితే తొడుగు ఒక్కసారిగా చిరుగుతుంది. టక్కుమని చప్పుడు వినిపిస్తుంది, స్తంభన వెంటనే దిగిపోతుంది, కాసేపటికి అంగం వాచి ముదురు వంకాయ రంగుకు తిరుగుతుంది. ఇది అత్యవసరం, కుదిరితే 24 గంటల లోపు ఆపరేషన్ చేసి చిరుగును కుట్టాలి. వెంటనే కుట్టినవాళ్లు ఎక్కువగా మామూలైపోతారు. సిగ్గుపడి ఐస్ పెట్టుకుని నాలుగు రోజులు ఇంట్లో కూర్చున్నవాళ్లు తర్వాత శాశ్వత వంకరతో వస్తారు. క్యాజువాల్టీలో 'బాత్‌రూములో జారి పడ్డాను' అని చెప్పినా డాక్టర్లకు అర్థమవుతుంది, మళ్లీ అడగరు.

గోడల మీది వైద్యం

వంకరతో బాధపడేవాళ్లలో చాలామంది మొదట కలిసేది యూరాలజిస్టును కాదు. స్టేషన్ రోడ్ల గోడల మీద, ఫ్లైఓవర్ స్తంభాల మీద, బస్టాండు మూత్రశాలల తలుపుల మీద అంటించిన చిన్న పసుపు కాగితాల్ని. 'చిన్నది, వంకర, సన్నది' అంటూ మొదలై ఒక ఫోను నంబరుతో ముగుస్తాయవి. నెలకోసారి లాడ్జి గదిలో దర్శనం, నూనె సీసా, పొడి, 'కోర్సు'. రోగి ఖర్చు పెట్టే డబ్బు కంటే పోగొట్టుకునే కాలం ఎక్కువ. మొదటి అంకంలో పోయిన ఆ నెలలు మళ్లీ రావు.

ఇలాంటి మోజు కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో శూకదోషాల మీద ఒక అధ్యాయమే ఉంది. అంగం పెంచుకోవాలని విషపు పురుగుల్ని రుద్దుకున్నవాళ్లకు వచ్చే పద్దెనిమిది రకాల జబ్బుల్ని అందులో లెక్కించారు. ఆనాటి వైద్యుడికీ ఈ దుకాణాల వల్ల పని పెరిగిందన్నమాట.

చట్టం కూడా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనల్ని నిషేధించింది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాల షెడ్యూల్-జె మరో అడుగు ముందుకు వేసి, ఏయే జబ్బులు నయం చేస్తామని మందు అమ్మేవాడు చెప్పకూడదో జాబితా ఇచ్చింది. జననాంగపు పరిమాణం, ఆకారం మెరుగుపరచడం ఆ జాబితాలో స్పష్టంగా ఉంది. పసుపు కాగితం మీది మొదటి ముక్కే చట్టవిరుద్ధం. తెలుగులో దీనికి ఎదురు నిలిచిన గొంతుల్లో చెప్పుకోదగినది విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం గారిది. స్వాతి వారపత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు ఆయన ఏళ్ల తరబడి ఇచ్చిన జవాబులు పేరు రాయలేని ఎన్నో ఉత్తరాలకు మొదటి వైద్య సలహా. కొన్ని ఇళ్లల్లో ఆ పేజీని మడిచి పెట్టి పిల్లలకు పత్రిక ఇచ్చేవారు, అది వేరే సంగతి.

విశాఖలో దారి

ఉత్తరాంధ్రకు పెద్దదిక్కు మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి. 1845లో చిన్న డిస్పెన్సరీగా మొదలై, 1923లో ఇప్పటి చోట పెద్దాసుపత్రి అయింది. అదే ఏడు మొదలైన వైద్య కళాశాలకు 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అనే పేరు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, దక్షిణ ఒడిశా నుంచి రోగులు ఇక్కడికే వస్తారు. పెద్దవాళ్ల వంకరకు యూరాలజీ విభాగం, పిల్లల హైపోస్పేడియాస్‌కు పిల్లల శస్త్రచికిత్సా విభాగం. హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి ఉంది. ఉక్కునగరం ఉద్యోగులకు విశాఖ స్టీల్ జనరల్ హాస్పిటల్, రేవు ఉద్యోగులకు సాలగ్రామపురంలో గోల్డెన్ జూబిలీ హాస్పిటల్, నావికాదళానికి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి సొంత ఆసుపత్రులు. కంపెనీ ఆసుపత్రికి వెళ్లడానికి చాలామంది వెనకాడేది వైద్యం గురించి కాదు, మందుల కౌంటరు దగ్గర తోటి షిఫ్టువాడు నిలబడి ఉంటాడేమోనని. అలాంటివారు అక్కడ రెఫరల్ రాయించుకుని బయట చూపించుకోవచ్చు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో హైపోస్పేడియాస్ ఆపరేషన్లు ఉన్నాయి. పెద్దవాళ్ల వంకర ఆపరేషన్ విషయంలో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్ర దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ టేబుల్ దగ్గర జబ్బు వివరం గట్టిగా చెప్పక్కర్లేదు, డాక్టరు రాసిన కాగితం చూపిస్తే చాలు. ఓపీ చీటీ కౌంటర్లో కూడా అంతే. 'మూత్రంలో మంట' అని అబద్ధం చెప్పే పని లేదు. 'యూరాలజీ' అన్న ఒక్క మాట చాలు, మిగతాది లోపల తలుపు వేశాక చెప్పుకోవచ్చు.